కంపోస్టు టీ పోయిస్తూనే ఉన్నా, చెట్టు మాత్రం కోలుకోవడం లేదు

ఎండుకొమ్మ
మా పెరట్లో పెద్ద మామిడి చెట్టు ఉంది. రెండు మూడేళ్ళుగా పైకొమ్మలు చివర్ల నుంచి ఎండుకుంటూ వస్తున్నాయి. కొత్త ఆకులు చిన్నవిగా వస్తున్నాయి, వచ్చినవి కూడా అంచులు మాడిపోతున్నాయి. చెట్లకి వైద్యం చేస్తానని చెప్పుకునే ఒకాయన్ని పిలిస్తే, వచ్చీ రాగానే "నేలలో జీవం పోయింది, కంపోస్టు టీ పోయాలి" అన్నాడు, అంటే కంపోస్టు నానబెట్టిన నీళ్ళన్నమాట. అప్పటినుంచి డ్రమ్ముల్లో తెచ్చి పోస్తున్నాడు, వచ్చినప్పుడల్లా డబ్బు తీసుకెళ్తున్నాడు. ఏమీ మారలేదేం అంటే "టైం పడుతుంది" అంటాడు. ఇది నిజంగా పనిచేసేదేనా, లేక మట్టిరంగు నీళ్ళకి డబ్బులు కడుతున్నానా? మామూలు కంపోస్టు వేస్తే సరిపోదా? వాడినవాళ్ళు చెప్పండి, అమ్మేవాళ్ళు కాదు.

బుడగల_డ్రమ్ము
అలా ఒక్కమాటలో తీసిపారేయకండి. నేను చాలాకాలంగా ఇంట్లోనే చేసుకుంటున్నా. 20 లీటర్ల బకెట్టు, పలచటి గుడ్డసంచిలో బాగా మాగిన కంపోస్టు, కాస్త బలమైన ఎయిర్ పంపు, అంతే. 24 నుంచి 36 గంటలు బుడగలు ఆగకుండా రావాలి. కంపోస్టుని అంటిపెట్టుకుని ఉన్న బాక్టీరియా, శిలీంధ్రాలు, వాటిని తిని బతికే ప్రోటోజోవా నీళ్ళలోకి దిగుతాయి, వాటిని వేర్ల దాకా చేర్చడమే టీ చేసే పని. నేల సూక్ష్మజీవుల శాస్త్రవేత్త ఎలైన్ ఇంగమ్ ఏళ్ళ తరబడి చెప్పింది ఇదే కదా. మీరు అసలు అడగాల్సింది ఏంటంటే, ఆయన తెచ్చేది ఎప్పుడు తయారైంది? పంపు ఆపేశాక కొద్ది గంటల్లోనే ఆ సూక్ష్మజీవులు నీళ్ళలో ఉన్న ఆక్సిజన్ మొత్తం ఖాళీ చేసేస్తాయి. మూత బిగించిన డ్రమ్ములో ఎండలో తిప్పుకుంటూ తెచ్చింది అయితే వాసన చూడండి, కుళ్ళు కంపు కొడితే అది టీ కాదు.

మట్టిపరీక్ష
బుడగలు గారూ, వాసన సంగతి వరకూ ఒప్పుకుంటా. మిగతాది ఒప్పుకోను. మామూలు మట్టి ఒక్క గ్రాము తీసుకుంటే అందులోనే కోట్లకొద్దీ బాక్టీరియా ఉంటుంది. మీరు బకెట్టుతో పోసేది ఆ లెక్కని ఏం మారుస్తుంది? అక్కడ బతకగలిగినవి ఇప్పటికే అక్కడున్నాయి. బతకలేనివి మీరు పోసినా తిండీ గాలీ లేక పోతాయి. ఇక పోషకాలా? మాగిన కంపోస్టులోనే నత్రజని పొడి బరువులో 1 నుంచి 2 శాతం ఉంటుంది, అందులో మొదటి ఏడాది మొక్కకి చేరేది కొంచెమే. దాన్ని మళ్ళీ నీళ్ళలో కలిపి పలచన చేస్తే మిగిలేదెంత. వాషింగ్టన్ స్టేట్ యూనివర్సిటీలో పనిచేసిన లిండా చాకర్ స్కాట్ ఈ టీ ప్రచారం మీద ఏళ్ళ తరబడి రాస్తున్నారు, ఆవిడ మాట కూడా ఇదే: టీకి గట్టి ఆధారాలు తక్కువ, నేల మీద పరిచే కంపోస్టుకి చాలా ఎక్కువ.

చదువుతాగానిరాయను
రెండో జవాబుకే గొడవ మొదలైంది. కుర్చీ లాక్కుని కూర్చున్నా, కానివ్వండి.

పారపట్టినచెయ్యి
టీ గురించి తర్వాత కొట్టుకుందురు. ఎండుకొమ్మ గారూ, మీ చెట్టు మొదలు నేలలోకి దిగేచోట వెడల్పవుతూ దిగుతోందా, పైన ఎంత మందం ఉందో అంతే మందంతో తిన్నగా దిగుతోందా? చుట్టుపక్కల కట్టుబడి ఏమన్నా జరిగిందా?

ఎండుకొమ్మ
తిన్నగానే దిగుతోంది. కట్టుబడి అంటే, ప్రహరీ కట్టేటప్పుడు కాంట్రాక్టరు వాననీళ్ళు నిలవకుండా మెరక తోలించాడు. చెట్టు చుట్టూ కూడా పోశారు, అడుగు పైనే ఉంటుంది. ట్రాక్టరు కూడా చెట్టు కిందనుంచే తిరిగేది. కొమ్మలు ఎండటం ఆ తర్వాతే మొదలైంది, కానీ వెంటనే కాదు, చాన్నాళ్ళకి. దానికీ దీనికీ సంబంధం ఉందంటారా?

పారపట్టినచెయ్యి
సంబంధం ఏంటి, అసలు సంగతే అది.

చెట్టు వేర్లంటే అందరూ తల్లివేరు పాతాళానికి పోతుందనుకుంటారు. నీళ్ళూ పోషకాలూ పీల్చే సన్న పీచువేర్లు చాలావరకు పైన 30 నుంచి 60 సెంటీమీటర్ల మట్టిలోనే ఉంటాయి, ఎందుకంటే గాలి ఆడేది అక్కడే. పక్కలకి మాత్రం కొమ్మల అంచు దాటి, ఒక్కోసారి కొమ్మల విస్తీర్ణానికి రెండు మూడు రెట్లు పోతాయి. ఆ వేర్ల మీద అడుగు మట్టి పోసి, పైన ట్రాక్టరు తిప్పితే మట్టిలో ఉన్న సందులు మూసుకుపోతాయి. వేర్లు ఊపిరాడక పోతాయి. పెద్ద చెట్టు దగ్గర దాచుకున్న పిండిపదార్థం ఉంటుంది కాబట్టి కొన్నేళ్ళు లాక్కొస్తుంది, తర్వాత నీళ్ళు అందడం అన్నిటికన్నా కష్టమైన పైకొమ్మల నుంచి వదిలేసుకుంటూ వస్తుంది. మీరు చెప్పిన లక్షణాలు అవే.

ఇంకోటి. మొదలు దగ్గర బెరడు గాలికి ఉండాల్సింది, తడిమట్టిలో ఉండాల్సింది కాదు. అది వేరు కాదు. కప్పెడితే మెత్తబడి కుళ్ళుతుంది, శిలీంధ్రాలు దూరతాయి.

ఇప్పుడు ఆ చెట్టు మీద టీ పోస్తే ఏమవుతుందో చెప్పండి. ఊపిరాడని వేర్లకి ఇంకొన్ని నీళ్ళు. ఆయన ఒక్కసారి వంగి మొదలు చూసుంటే తెలిసేది.

నీడకోసం
మా వీధిలో వేపచెట్టుకి ఇదే జరిగింది. చుట్టూ మెరకేసి, పైన టైల్స్ పరిచి, అరుగు కట్టారు, అందంగానే ఉండేది. మూడు వేసవులు బాగానే పచ్చగా ఉంది, ఆ తర్వాత ఒక వైపు మొత్తం ఎండిపోయింది. అందరూ తెగులు అన్నారు. అరుగు పగలగొట్టిస్తే కింద బెరడు చేతికి ఊడొచ్చింది.

బుడగల_డ్రమ్ము
మెరక సంగతి ముందే చెప్పుంటే నేనూ టీ మాట ఎత్తేవాణ్ణి కాదు. నేల గట్టిపడితే ముందు దాన్ని విప్పాలి, అది నిజమే. కానీ మట్టిపరీక్ష గారి వాదనలో తిరకాసు ఉంది. నేలలో బాక్టీరియా ఉంది నిజమే, కానీ చెట్లకి కావాల్సింది శిలీంధ్రాలు ఎక్కువున్న నేల. వేర్లతో కలిసి బతికే శిలీంధ్రం, మైకోరైజా, పోయాక అది దానంతటదే వస్తుందా? టీతో దాన్నే కదా తిరిగి ఇచ్చేది.

మట్టిపరీక్ష
సరిగ్గా అక్కడే టీ పనికిరాదు. మామిడితో సహా చాలా చెట్లతో ఉండేది ఆర్బస్క్యులర్ మైకోరైజా, అంటే వేరు కణాల లోపలికి దూరి బతికే రకం. బతికున్న వేరు లేకుండా అది పెరగలేదు. బకెట్లో వేరెక్కడుంది? మీరు 24 గంటలు కాదు 24 రోజులు బుడగలు కొట్టించినా అది పెరగదు. టీలో పెరిగేది ఎక్కువగా త్వరగా పెరిగే బాక్టీరియా. చుట్టూ గడ్డీ చెట్లూ ఉన్న నేలలో మైకోరైజా ఎలాగూ ఉంటుంది, మట్టిలోకి గాలి వెళ్ళి వేర్లు కదిలితే అదే అందుకుంటుంది.

బుడగల_డ్రమ్ము
ఆర్బస్క్యులర్ సంగతి సరే, ఇస్తున్నా ఆ పాయింటు. కుళ్ళబెట్టే శిలీంధ్రాలు మాత్రం టీలో ఉంటాయి, ఆకులు చివకడానికి అవి కావాలి. నా దగ్గర మైక్రోస్కోపు ఉంది, చూసే చెప్తున్నా.

మట్టిపరీక్ష
ఉంటాయి. అవే ఎండుటాకుల కుప్పలో ఇంకా ఎక్కువ ఉంటాయి, పైగా వాటి తిండితో సహా.

చదువుతాగానిరాయను
మైక్రోస్కోపున్నవాడూ ల్యాబ్ రిపోర్టున్నవాడూ, మధ్యలో పార పట్టుకున్నాయన. మామిడిచెట్టు ఎవరి మాట వింటుందో.

ఎండుకొమ్మ
పార గారి మాట వింటోంది ప్రస్తుతానికి. సరే, ఏం చేయాలో చెప్పండి. మెరక మట్టంతా తవ్వి పారేయాలా? కంపోస్టు ఎక్కడ, ఎంత వేయాలి? ఆయన్ని రావద్దని చెప్పేశా, ఫోనులో చాలాసేపు "జీవం" గురించి చెప్పాడు, మొదలు మట్టిలో ఉంది కదా అంటే లైను కట్టయింది.

పారపట్టినచెయ్యి
మొదట మొదలు. కాండం చుట్టూ మట్టిని చేత్తోనో చిన్న తాపీతోనో మెల్లగా తీయండి, గునపం వేస్తే బెరడు చీలుతుంది. మొదలు వెడల్పై పెద్దవేర్లు విడిపోయే చోటు కనపడేదాకా తీయాలి. ఏ వేరైనా కాండాన్ని చుట్టుకుని బిగించినట్టు ఉంటే దాన్ని వెంటనే కోసేయకండి, ఫొటో పెట్టండి, దాని మందాన్ని బట్టి చెప్దాం. తీశాక నీళ్ళు అక్కడ గుంటలా నిలవకూడదు, బయటికి పోయే దారి ఉండాలి.

మిగతా మెరక. నిన్నగాక మొన్న పోసిందైతే మొత్తం తీసేయమనేవాణ్ణి. ఏళ్ళయింది కాబట్టి కొన్ని కొత్త వేర్లు ఆ మట్టిలోకి ఎక్కి ఉండొచ్చు, ఒకేసారి గీకేస్తే అవీ పోతాయి. కొంచెం తవ్వి చూడండి. సన్నవేర్లు కనపడకపోతే ధైర్యంగా తీయొచ్చు. కనపడితే, కాండానికి ఒక మీటరు అవతల నుంచి కొమ్మల అంచు దాకా బండిచక్రం ఆకుల్లా గాడులు తీసి, ఆ గాడుల్లో మట్టీ కంపోస్టూ కలిపి నింపండి. పెద్ద వేరు తగిలితే గాడి పక్కకి తిప్పాలి, వేరు నరకకూడదు. గాలి ఒత్తిడితో మట్టిని ఎగజిమ్మే పనిముట్టు ఉంటే వేర్లకి దెబ్బ తగలకుండా ఇదే పని చాలా శుభ్రంగా అవుతుంది, అది ఉన్నవాళ్ళు దొరికితే వాళ్ళని పిలవండి, ఖర్చు పెట్టాల్సింది అక్కడ.

నేల ఎంత గట్టిగా ఉందో చూడాలంటే బాగా తడిసిన మర్నాడు పొడవాటి ఇనపచువ్వ గుచ్చండి. చెట్టు కింద ఒకచోట, ఎవరూ తొక్కని చోట ఒకచోట. తేడా చేతికే తెలుస్తుంది.

కంపోస్టు పైన పరచడమే. రెండున్నర సెంటీమీటర్ల మందం చాలు. దాని మీద చెక్కపేళ్ళో ఎండుటాకులో 5 నుంచి 10 సెంటీమీటర్లు. కాండానికి మాత్రం జానెడు దూరం ఖాళీ వదలండి, లేదంటే కాంట్రాక్టరు చేసిన పనే మళ్ళీ చేసినట్టు.

వానపాము_77
లెక్క కూడా చెప్పండి, లేకపోతే ఒక సంచి చల్లి అయిపోయిందనుకుంటారు. 5 మీటర్ల వ్యాసం ఉన్న గుండ్రటి చోటుకి రెండున్నర సెంటీమీటర్ల మందం అంటే దాదాపు అర ఘనపు మీటరు, 500 లీటర్లు. బాగా పెద్ద చెట్టైతే ఇంకా ఎక్కువ.

ఎండుకొమ్మ
500 లీటర్లా! అంత కంపోస్టు ఇంట్లో చేస్తే ఎన్నేళ్ళకి అవుతుంది?

వానపాము_77
ఎక్కువగా ఆకులతో చేయండి. ఎండుటాకులకి పచ్చి గడ్డీ పశువుల పేడా కలిపితే కర్బనం నత్రజనికి 25, 30 రెట్లకి దగ్గరగా వస్తుంది, కుప్ప వేడెక్కుతుంది. గుప్పెట్లో పిండితే ఒకటి రెండు చుక్కలు రావాలి, అంత తడి. కుప్ప ఎటు చూసినా మీటరుకి తగ్గకూడదు, చిన్న కుప్ప వేడిని నిలబెట్టలేదు. బయట కొంటే మాత్రం వాసన చూడకుండా తీసుకోవద్దు. అమ్మోనియా ఘాటు ఉంటే మాగలేదు. నేనైతే కొంచెం తడిపి గాలి చొరని సంచిలో మూడు రోజులు మూసిపెడతా. తెరిస్తే మట్టివాసన రావాలి.

కుండీల_కుటుంబం
కొన్నది అంటే గుర్తొచ్చింది. కుండీలో నిమ్మచెట్టుకి "పూర్తిగా సేంద్రియం" అని రాసున్న సంచి తెచ్చి సగానికి సగం కలిపాం, ఆకులు అంచులనుంచి మాడి రాలిపోయాయి. అమ్మినాయన్ని అడిగితే మీరు నీళ్ళు సరిగ్గా పోయలేదన్నాడు. కంపోస్టు చెట్టుని చంపుతుందా?

మట్టిపరీక్ష
ఉప్పు అయ్యుంటుంది. పశువుల, కోళ్ళ ఎరువుతో చేసిన కంపోస్టులో లవణాలు ఎక్కువ, నిమ్మజాతి వేటికీ ఉప్పు పడదు. కుండీలో అయితే ఎటూ పోయే దారి కూడా లేదు. అడుగునుంచి కారేదాకా మంచినీళ్ళు రెండు మూడుసార్లు నింపి వదలండి. ఎండుకొమ్మ గారికి కూడా ఇదే చెప్పాలి, ఆకులతో చేసింది వేయండి, పేడ కంపోస్టు ఏటా వేస్తే నేలలో భాస్వరం పేరుకుపోతుంది, అప్పుడు ఇనుము, జింకు అందక ఆకులు పాలిపోతాయి. దాన్ని చూసి ఇంకో సంచి వేస్తారు. నేను చూసిన మట్టి రిపోర్టుల్లో సగం పెరటితోటలది ఇదే కథ.

నీడకోసం
పేడ, గడ్డి బయటనుంచి తెచ్చేవాళ్ళు ఇంకోటి కూడా చూసుకోండి. పచ్చిక మీద కొట్టే అమినోపైరాలిడ్, క్లోపైరాలిడ్ లాంటి కలుపుమందులు గడ్డిలోనుంచి పశువు కడుపులోకి, అక్కడినుంచి పేడలోకి వస్తాయి, కంపోస్టు కుప్ప వేడికి కూడా పూర్తిగా పోవు. ముందు ఒక కుండీలో ఆ కంపోస్టు కలిపి చిక్కుడు గింజలు వేయండి. ఆకులు ముడుచుకుని మెలితిరిగితే ఆ కుప్ప తోటలోకి రానివ్వద్దు.

కుండీల_కుటుంబం
అబ్బో. ఇంతకీ టీ సంగతి తేలలేదు. మా వర్మీ బెడ్డు (వానపాములతో ఎరువు చేసే తొట్టి) కింద కుళాయి నుంచి నల్లటి నీళ్ళు వస్తాయి, అది టీ యేనా? ఆకుకూరల మీద కొడదామనుకుంటున్నా.

వానపాము_77
అది టీ కాదు, ఊట. సగం కుళ్ళిన వాటిగుండా గాలి లేకుండా కారి వచ్చింది. అందులో ఏముందో చెప్పలేం. పలచన చేసి చెట్ల పాదుల్లో పోయండి, తినే ఆకుల మీద కొట్టకండి.

మట్టిపరీక్ష
టీ కూడా తినే ఆకుల మీద వద్దనే అంటా నేను. ముఖ్యంగా బెల్లమో మొలాసిస్సో కలిపినవాళ్ళు. ఆ తీపి మీకు కావాల్సిన వాటిని మాత్రమే పెంచదు. కంపోస్టులో ఏ మూలో మిగిలిన ఈ.కోలి, సాల్మొనెల్లా లాంటి జబ్బు చేసే బాక్టీరియా కూడా అదే తిని పెరుగుతాయి. అమెరికా సేంద్రియ ప్రమాణాల బోర్డు వేసిన కమిటీ 2004లో ఇచ్చిన నివేదికలో ఈ పోషకాలు కలిపిన టీల గురించే ప్రత్యేకంగా జాగ్రత్త చెప్పింది. అక్కడి సేంద్రియ నిబంధనల ప్రకారం కంపోస్టు కుప్పే 55 డిగ్రీలు దాటి, పొడుగ్గా వరుసలా వేసిన కుప్పలైతే 15 రోజులు, కనీసం 5 సార్లు తిరగేసి ఉండాలి. ఎవరి పెరట్లో ఎవరు థర్మామీటరు పెడుతున్నారు?

బుడగల_డ్రమ్ము
నేను పెడతా. బెల్లం నేనూ ఎప్పుడో మానేశా, తీపి లేకుండానే బుడగలు వస్తాయి. కుళాయి నీళ్ళ గురించి కూడా ఎవరూ చెప్పలేదు: క్లోరిన్ అయితే ఒకరోజు మూత లేకుండా ఉంచితే పోతుంది, క్లోరమిన్ (క్లోరిన్, అమ్మోనియా కలిసినది) అయితే అలా పోదు, కాస్త విటమిన్ సి వేయాలి. మీరందరూ టీని మందు అనుకుని తిడుతున్నారు. నేనెప్పుడూ మందు అనలేదు. నాటిన మొక్కకి, నారుకి, కుండీలో కొత్త మిశ్రమానికి వాడతా. అందులో తేడా కనపడింది.

పారపట్టినచెయ్యి
నాటే మాట వచ్చింది కాబట్టి, గుంతలో సగం కంపోస్టు నింపి చెట్టు నాటేవాళ్ళు ఉన్నారా ఇక్కడ?

నీడకోసం
అందరూ చేసేది అదే కదా.

పారపట్టినచెయ్యి
అదే వద్దంటున్నా. కంపోస్టు చివుకుతున్నకొద్దీ కుంగుతుంది, దాంతోపాటు మొక్కా కుంగి మొదలు మట్టిలోకి పోతుంది. మళ్ళీ ఎండుకొమ్మ గారి కథే, మెరక లేకుండా. పైగా బంకనేలలో గుంత ఒకరకం, చుట్టూ మట్టి ఒకరకం అయితే నీళ్ళు గుంతలో నిలుస్తాయి, వేర్లు మెత్తగా ఉన్న గుంతలోనే చుట్లు తిరుగుతాయి. తవ్విన మట్టితోనే పూడ్చి, కంపోస్టు పైన పరవండి.

వానపాము_77
ఇక్కడ మాత్రం ఒప్పుకోను పార గారూ. ఒట్టి మొరంలో, కంకరలో నాటేవాళ్ళు ఏం చేయాలి? అక్కడ తవ్విన మట్టే లేదు. నేను నాలుగో వంతు కలిపే నాటా, నిలబడ్డాయి.

పారపట్టినచెయ్యి
మొరంలో అయితే గుంతలో కాదు, నాటే స్థలం మొత్తం వెడల్పుగా బాగుచేయాలి. నాలుగో వంతు అయితే కుంగడం తక్కువే, దాని గురించి పోట్లాడను.

ఎండుకొమ్మ
మొదలు దగ్గర తవ్వడం మొదలుపెట్టాం. అడుగు పైన దిగాక వెడల్పు కనపడింది. బెరడు ఒక వైపు మెత్తగా నల్లగా ఉంది, మిగతా చుట్టూ గట్టిగానే ఉంది. పైన మెరకలో సన్నవేర్లు దాదాపు లేవు. చెక్కపేళ్ళు దొరుకుతున్నాయి కానీ అవి నేలలో నత్రజని లాగేస్తాయని మా బాబాయి అంటున్నాడు, నిజమేనా?

మట్టిపరీక్ష
మట్టిలో కలిపితే లాగుతాయి. పైన పరిస్తే చెక్కా మట్టీ తగిలే పలచని పొరలోనే ఆ ప్రభావం, కింద వేర్లకి ఇబ్బంది లేదు. బాబాయి గారికి సగం మార్కులు.

పారపట్టినచెయ్యి
మెత్తబడ్డది కాండం చుట్టుకొలతలో మూడో వంతు లోపే అయితే ఆశ ఉంది. దాన్ని గీకకండి, ఏమీ పూయకండి, గాలికి ఆరనివ్వండి. వేర్లు లేవు కాబట్టి మెరక తీసేయొచ్చు, పాత నేల తగిలాక పార ఆపి చేత్తో తీయండి. ఎండిన కొమ్మలు తప్ప పచ్చివి కొట్టొద్దు, ఇప్పుడు దానికి ప్రతి ఆకూ కావాలి. రసాయన నత్రజని కూడా వద్దు, లేని వేర్ల మీద చిగుళ్ళ భారం పడుతుంది. వేసవిలో నీళ్ళు అరుదుగా, లోతుగా.

ఎండుకొమ్మ
కోలుకుంటోందని ఎప్పటికి తెలుస్తుంది?

పారపట్టినచెయ్యి
ఆకు రంగు చూసి మోసపోకండి. కొత్త చిగురు ఎంత పొడవు పెరిగిందో కొలవండి, నాలుగు వైపులా నాలుగు కొమ్మలకి దారం కట్టి. మొదటి ఏడాది ఏమీ కనపడకపోవచ్చు, ఇంకా ఒకటి రెండు కొమ్మలు ఎండినా కంగారు పడొద్దు.

బుడగల_డ్రమ్ము
ఆ దారాలు కట్టేటప్పుడు ఒక పని చేయండి. చెట్టు కింద సగం వైపు కంపోస్టు ఒక్కటే, సగం వైపు కంపోస్టుతో పాటు టీ. టీ నేను పంపిస్తా, ఊరికే. తేడా లేకపోతే ఇక్కడే వచ్చి ఒప్పుకుంటా.

మట్టిపరీక్ష
ఒకే చెట్టుకి రెండు వైపులు పోల్చడం పరీక్ష కాదు, ఎండ ఒక వైపే ఎక్కువ ఉండొచ్చు, మెత్తబడ్డ బెరడు ఒక వైపే ఉంది. రెండో వైపు ఒట్టి నీళ్ళు కూడా అంతే పోయాలి. పైగా ఏ వైపు ఏది పోశారో కొలిచేవాళ్ళకి తెలియకూడదు.

ఎండుకొమ్మ
కొలిచేది మా బాబాయి. ఆయనకి చెప్పను.

చదువుతాగానిరాయను
బాబాయి ఈ థ్రెడ్డు చదవడం లేదు కదా?